ఇంటరెస్టింగా, ఇంటరెస్టెడ్డా?

మన ఇళ్లలో వ్యాకరణ దోషం ఏనాడూ దొర్లని ఇంగ్లీషు మాట ఒకటుంది. మధ్యాహ్నం భోజనాలై, నడుం వాల్చే వేళకి టెలిఫోను మోగుతుంది. అవతల ఎవరో అమ్మాయి తియ్యగా పలకరించి క్రెడిట్ కార్డు ఇప్పిస్తానంటుంది. లేదా అడక్కుండానే అప్పిస్తానంటుంది. ఇంగ్లీషు బడి గుమ్మం తొక్కి ఎరగని బామ్మగారు సైతం "నాట్ ఇంటరెస్టెడ్" అని ఠక్కున చెప్పి ఫోను పెట్టేసి, అటు తిరిగి పడుకుంటుంది. ఎంతటి ఇంగ్లీషు పండితుడు భూతద్దం పెట్టి వెతికినా అందులో తప్పు దొరకదు. ఆవిడ "నాట్ ఇంటరెస్టింగ్" అనదు, "నో ఇంటరెస్ట్ ఆన్ దట్" అనదు.

చిత్రమేమిటంటే, ఆసక్తి లేదని ఇంత శుద్ధంగా చెప్పగలిగిన మనవాళ్లు ఆసక్తి వుందని చెప్పవలసి వచ్చేసరికి తడబడిపోతారు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా, కాలేజీలో సీటు అడగాలన్నా, విదేశాల విశ్వవిద్యాలయానికి "నేను ఫలానా చదువు ఎందుకు చదవదలిచానంటే" అని రెండు పేజీలు రాయాలన్నా, ఆ ఒక్క మాట దగ్గరే బండి ఆగిపోతుంది. వద్దనడానికి అక్కర్లేని వ్యాకరణం కావాలనడానికి ఎందుకు కావలసి వస్తుందో ఆలోచించదగిన విషయమే.

నేను ముప్పయ్యేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఉద్యోగం పోయింది గాని పని పోలేదు. మా వీధిలో ఎవరికి ఇంగ్లీషు ముక్క రాయవలసి వచ్చినా మా అరుగు ఎక్కుతారు. పూర్వం కాగితాలు పట్టుకొచ్చేవారు. ఇప్పుడు సెల్‌ఫోను పట్టుకొచ్చి, "కొంచెం చూసిపెట్టండి మాస్టారూ" అని నా కళ్లజోడుకి పరీక్ష పెడుతున్నారు. మా ఆవిడ ఈ అరుగుకి "ధర్మాసుపత్రి" అని పేరు పెట్టింది. ఫీజు లేదు సరిగదా, వచ్చినవాళ్లకి కాఫీ కూడా తనే కలిపి ఇవ్వాలని ఆవిడ బాధ.

ఈ ఆసుపత్రికి ఎక్కువగా వచ్చే జబ్బు ఏదని అడిగితే తడుముకోకుండా చెబుతాను. "ఐ యామ్ వెరీ ఇంటరెస్టింగ్ ఇన్ కంప్యూటర్స్" అని ఒక కుర్రవాడు. "ఐ యామ్ హావింగ్ మచ్ ఇంటరెస్ట్ ఆన్ టీచింగ్" అని ఒక కోడలుపిల్ల. "ఐ యామ్ ఇంటరెస్ట్ టు జాయిన్ యువర్ ఎస్టీమ్డ్ కంపెనీ" అని మరొకడు. అందరూ ఆసక్తి వున్నవాళ్లే. ఆ ఆసక్తే మాటలో ఇమడక అవస్థ పడుతున్నారు.

ఇవి తెలివితక్కువ వల్ల వచ్చే తప్పులని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇవి మన తెలుగు చేయించే తప్పులు. "నాకు సంగీతం మీద ఆసక్తి వుంది" అంటాం మనం. ఈ వాక్యంలో "నేను" ఎక్కడుంది చెప్పండి! లేదు. వున్నది "నాకు". వాక్యానికి యజమాని ఆసక్తి. మనకి సంగతులన్నీ చుట్టాల్లాగా వాటంతటవే వస్తాయి. నాకు ఆకలి వేసింది, నాకు జ్వరం వచ్చింది, నాకు కోపం వచ్చింది, నాకు నిద్ర పట్టలేదు, నాకు ఆ సంబంధం నచ్చింది. మనం వీధి అరుగు మీద కూర్చుని వుంటాం, అవి వచ్చి పలకరిస్తాయి. ఇంగ్లీషువాడికి ఆ వీలు లేదు. ప్రతి వాక్యంలోనూ "ఐ" అనేవాడు టోపీ పెట్టుకుని ముందు నడవాలి. మనవాడు "నాకు"ని "ఐ" చేస్తాడు, "వుంది"ని "హావింగ్" చేస్తాడు, "మీద"ని "ఆన్" చేస్తాడు. "ఐ యామ్ హావింగ్ ఇంటరెస్ట్ ఆన్" తయారవుతుంది. లోపల పంచె, పైన కోటు!

ఈ విషయంలో ఇంగ్లీషువాళ్లు మరీ మీసం తిప్పుకోనక్కర్లేదు. వెయ్యేళ్ల కిందటి వాళ్ల భాషలో "లైక్" అనే క్రియకి మూలమైన మాటకు "నచ్చు" అనే అర్థం. అంటే వాళ్లూ అప్పట్లో మనలాగే "నాకు ఇది నచ్చింది" అనేవారు. షేక్‌స్పియరు నాటకాల్లో కనిపించే "మీథింక్స్" అనే మాట అచ్చంగా మన "నాకు తోస్తోంది" అన్నదే. ఆ పద్ధతి క్రమంగా పోయి, "నాకు"లన్నీ "నేను"లైపోయాయి. కనుక మన కుర్రాళ్లు చేస్తున్నది ఒక విధంగా ఇంగ్లీషువాడి ముత్తాత చేసిన పనే. పరీక్షలో మార్కులు మాత్రం ముత్తాత వెయ్యడు గదా!

అటునుంచి ఇటు వచ్చినవాడికీ ఇదే గుంట అడ్డం వస్తుంది. తెలుగు నేర్చుకునే పరదేశి మొదట "నేను ఆకలి" అనే అంటాడు, "నేను మామిడిపండు ఇష్టం" అనే అంటాడు. మనం నవ్వుతాం, కాని ఆ నవ్వులో ముద్దు వుంటుంది. "అబ్బ, దొర ఎంత బాగా తెలుగు మాట్లాడుతున్నాడో!" అని నలుగురికీ చెప్పుకుంటాం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర 1817లో మద్రాసు వచ్చాడు. 1820లో కడపలో తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు బయటికి వచ్చింది. సొంత డబ్బు పోసి పండితుల్ని పెట్టుకుని, తాళపత్రాలు సేకరించి, నకళ్లు రాయించి, పాఠాలు సరిచూయించాడు. ఆయన మొదటి రోజుల్లో "నాకు" అనవలసిన చోట "నేను" అని వుంటే మాత్రం ఏం? ఆయన ఆసక్తిని మనం ఆ నిఘంటువు బరువుని బట్టి తూచాం గాని విభక్తిని బట్టి తూచలేదు.

అయినా వ్యాకరణం నేర్చుకోనక్కర్లేదని అనబోవడం లేదు. అది నాకు ముప్పయ్యేళ్లు అన్నం పెట్టిన విద్య. పైగా ఈ ఒక్క మాటకి కావలసిన వ్యాకరణం ఒక సాయంకాలం పని. మా అరుగు మీద చెప్పేదే ఇక్కడా చెబుతాను.

మొదటిది, "ఇంగ్"కీ "ఎడ్"కీ వున్న తేడా. దీనికి ఇంగ్లీషు పుస్తకం తెరవనక్కర్లేదు. మన మాటలోనే తాళంచెవి వుంది. "ఆసక్తికరం" అంటే ఆసక్తి కలిగించేది. అదే "ఇంటరెస్టింగ్". "ఆసక్తి కలవాడు" అంటే ఆసక్తి కలిగినవాడు. అదే "ఇంటరెస్టెడ్". పుస్తకం ఆసక్తికరం, చదివేవాడు ఆసక్తి కలవాడు. ఈ ఒక్కటి పట్టుబడితే వెనకాల ఒక బలగమే వస్తుంది. ఉపన్యాసం "బోరింగ్", విన్నవాళ్లు "బోర్డ్". ప్రయాణం "టైరింగ్", ప్రయాణం చేసినవాళ్లు "టైర్డ్". "ఐ యామ్ బోరింగ్" అన్నాడంటే తనకి విసుగ్గా వుందని కాదు, తనతో వేగడం కష్టమని ఒప్పుకున్నట్టు.

రెండోది, జతమాట. ఇంగ్లీషులో ప్రతి ఇష్టానికీ ఒక జత వుంది. "ఇంటరెస్టెడ్" అంటే పక్కన "ఇన్" వుండాలి. "కీన్" అంటే "ఆన్". "ఫాండ్" అంటే "ఆఫ్". "క్యూరియస్" అంటే "అబౌట్". "ఎందుకండీ అలా?" అని అడుగుతారు పిల్లలు. ఏ పెళ్లికి ఏ కారణం చెబుతాం! జరిగిపోయాయి, కాపరం చేస్తున్నాయి. మనం విడదీయకూడదు, అంతే.

మూడోది, ఆ "ఇన్" తరవాత పని పేరు చెప్పవలసి వస్తే "ఇంగ్" తగిలించాలి. "ఇంటరెస్టెడ్ ఇన్ లెర్నింగ్" అనాలి. "ఇంటరెస్టెడ్ టు" అనేది లేకపోలేదు. ఒక కబురు వినడానికో, ఒక సంగతి తెలుసుకోవడానికో కుతూహలంగా వుందన్నప్పుడు "ఇంటరెస్టెడ్ టు హియర్", "ఇంటరెస్టెడ్ టు నో" అంటారు. ఉత్తరం చివర రాసే "లుకింగ్ ఫార్వర్డ్ టు" తరవాత మాత్రం "హియర్" అని వదిలెయ్యకూడదు, "హియరింగ్" అనాలి. ఇక "హావింగ్ ఇంటరెస్ట్", "లైకింగ్ వెరీ మచ్" అన్నవి మానుకోవాలి. ఇష్టం రైలుబండిలా నడుస్తూ వుండేది కాదు, స్టేషనులా వుండేది. వున్నదాన్ని "హావ్" అంటే చాలు.

ఇంతే. దీనికి వెయ్యి రూపాయల ఫీజు పుచ్చుకుని నెల రోజుల కోర్సు చెప్పేవాళ్లున్నారు. మా ఇంట్లో ఒక కాఫీతో అయిపోతుంది. అదీ మా ఆవిడ చేతి కాఫీ.

ఈ "ఇంటరెస్ట్" అనే మాటలో ఇంకో తమాషా వుంది. అదే మాటకి వడ్డీ అని కూడా అర్థం. మా ఎదురింటి షావుకారుగారికి ఆ ఒక్క అర్థమే తెలుసు. "ఆయనకి వ్యాపారంలో ఇంటరెస్టు లేదు" అని ఎవరైనా అంటే "పాపం, అసలు కూడా పోయిందా?" అంటారు. లాటిన్‌లో దాని మూలానికి "మధ్య వుండటం" అని అర్థం. ఒక విషయానికీ మనకీ మధ్య ఏదో సంబంధం వుండి, దాని మంచిచెడ్డలు మనల్ని తాకుతాయన్నమాట. మన "ఆసక్తి" సంస్కృతంలో అతుక్కోవడాన్నుంచి వచ్చింది. ఇంగ్లీషువాడు విషయానికీ తనకీ మధ్య తాడు కట్టుకుంటే, మనం ఏకంగా అంటుకుపోతాం. అందుకే కాబోలు మనకి మామూలు ఆసక్తి ఒక లెక్కలోది కాదు. "వాడికి సంగీతమంటే చెవి కోసుకుంటాడు" అంటాం. దీన్ని వున్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టి దరఖాస్తులో రాస్తే, ఉద్యోగం సంగతి దేవుడెరుగు, ముందు డాక్టర్ని పంపిస్తారు!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. వ్యాకరణం సరిపోయినంత మాత్రాన ఆసక్తి వున్నట్టూ కాదు. మా వీధి చివర వుండే కుర్రవాడొకడు రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం కంఠతా పట్టినవాడు. "ఐ యామ్ డీప్లీ ఇంటరెస్టెడ్ ఇన్" అని మొదలుపెట్టి కామా కూడా పొల్లుపోకుండా రాస్తాడు. ఆ ఉత్తరం చూస్తే నాకే ముచ్చటేసింది. బ్యాంకు సేవలో తనకి చిన్ననాటి నుంచీ గాఢమైన ఆసక్తి అట! వారం తరవాత మరో ఉత్తరం తెచ్చాడు. ఈసారి గాఢమైన ఆసక్తి ఇన్సూరెన్సులో. ఆ తరవాత మందుల కంపెనీలో. ఉత్తరం అదే, ఊరూ పేరూ మాత్రం మారేవి. ఒకసారి తొందరలో ఆ మార్పూ మరిచిపోయి, మందుల కంపెనీకి "మీ బ్యాంకులో చేరాలని నా చిరకాల వాంఛ" అని పంపేశాడు. వ్యాకరణం రీత్యా అందులో ఒక్క దోషం లేదు. వాళ్లు జవాబివ్వలేదు. "ఎందుకు రాలేదంటారు మాస్టారూ?" అని అడిగితే నేనేం చెప్పను?

దీనికి పూర్తిగా ఎదురు సంగతి మా పక్క వీధి పిల్లది. తండ్రి చిన్న కిరాణా కొట్టు. తెలుగు మీడియంలో ఇంటరు ప్యాసైంది. నర్సింగు చదవాలని కోరిక. ఒక పేరున్న ఆసుపత్రివారి నర్సింగు కాలేజీకి దరఖాస్తు పెడితే ఇంటర్వ్యూకి పిలిచారు. "వై నర్సింగ్?" అని అడిగారట. ఈ పిల్ల రాత్రంతా వల్లెవేసుకున్న వాక్యం అప్పజెప్పింది. "ఐ యామ్ వెరీ ఇంటరెస్టింగ్ ఇన్ నర్సింగ్, సర్." అక్కడ కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకాయన, "నువ్వు ఇంటరెస్టింగో కాదో చెప్పవలసింది మేము గదమ్మా!" అన్నాడట. తక్కినవాళ్లు నవ్వారు. పిల్లకి ఆ చమత్కారం అర్థం కాలేదు. నవ్వు మాత్రం అర్థమైంది. తరవాత అడిగిన రెండు ప్రశ్నలకి నోరు పెగల్లేదు. సీటు రాలేదు.

ఇంటికొచ్చి ఇక ఎక్కడికీ దరఖాస్తు పెట్టనని కూర్చుంది. వాళ్ల నాన్న దుఃఖం దిగమింగుకుని నా దగ్గరికి తీసుకొచ్చాడు. నేను "ఇంగ్", "ఎడ్" సంగతి చెప్పాను. అయిదు నిమిషాల్లో పట్టేసింది. తల వంచుకునే అడిగింది. "ఇంత చిన్న దానికా మాస్టారూ, వాళ్లు నవ్వింది?"

నేను మాట మార్చి, "అది సరే, నీకు నర్సింగు మీద ఆ ఆసక్తి ఎక్కణ్ణించి వచ్చిందమ్మా?" అన్నాను. తెలుగులో అడిగేసరికి గొంతు తెరుచుకుంది. వాళ్ల నాయనమ్మకి పక్షవాతం వచ్చి రెండేళ్లు మంచంలో వుంది. చూసుకున్నది ఈ పిల్లే. రెండు గంటలకోసారి ఒత్తిగిలించి పడుకోబెట్టాలని డాక్టరుగారు చెప్పారట. అందరూ సరేనన్నారు. ఈ పిల్ల మాత్రం "రెండు గంటలే ఎందుకండీ?" అని అడిగిందట. ఒకే చోట ఒత్తిడి పడుతూ వుంటే అక్కడికి రక్తం సరిగ్గా అందక చర్మం చచ్చిపోయి పుండు పడుతుందని ఆయన వివరించారు. ఆ రాత్రి నుంచి అలారం పెట్టుకుని లేచింది. బడి పుస్తకాల వెనక కాగితాలు చింపి ఒక నోటుబుక్కు కుట్టుకుని, ఎన్నింటికి ఎటువైపు తిప్పిందీ, ఎంత తాగిందీ, జ్వరం ఎంత వుందీ రాసుకుంది. ముసలమ్మ పోయేనాటికి ఒంటి మీద ఒక్క పుండు లేదు.

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. తరవాత అన్నాను. "అమ్మా, ఇప్పుడు నాకు చెప్పిందే చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లీషులో రాయి. ఇంటరెస్టెడ్ అన్న మాట ఆఖరున ఒక్కసారి వస్తే చాలు. రాకపోయినా పరవాలేదు."

రాసింది. మూడుసార్లు చెరిపి రాసింది. నేను కాలాలు, విభక్తులు దిద్దానే తప్ప ఒక్క సంగతి చేర్చలేదు. చేర్చడానికి నా దగ్గరేముంది? ఆ ఏడాదే ఇంకో ఊళ్లో, అంత పేరులేని ఒక చిన్న ఆసుపత్రివారి కాలేజీలో ఇంటర్వ్యూ జరిగింది. అక్కడ పెద్ద నర్సుగారు ఆ ఉత్తరం చదివి, "ఆ నోటుబుక్కు తెచ్చావా?" అని అడిగారట. తెచ్చింది. ఆవిడ అది తిరగేస్తూ సగం ఇంగ్లీషులోనూ సగం తెలుగులోనూ అరగంట మాట్లాడిందట. "ఇంగ్"ల ప్రసక్తే రాలేదు. ఆ పిల్ల ఇప్పుడు రెండో సంవత్సరం చదువుతోంది.

మొదటి ఇంటర్వ్యూలో పెద్దమనుషులు అన్నది నిజమే. ఇంటరెస్టింగో కాదో చెప్పవలసింది వాళ్లే. కాని చెప్పాలంటే ముందు వినాలి. వాళ్లు ఒక ప్రత్యయం విని ఊరుకున్నారు. మన దేశంలో ఇంగ్లీషు వచ్చినవాడికి ఇంగ్లీషు రానివాడి మీద నవ్వే హక్కు ఎప్పుడు దఖలు పడిందో గాని, ఆ హక్కుని మనం నిస్సంకోచంగా వాడుకుంటున్నాం. తెలుగు తప్పు మాట్లాడిన మనవడిని ఇంట్లో మురిపెంగా చూస్తాం. ఇంగ్లీషు తప్పు మాట్లాడిన పొరుగింటి కుర్రవాణ్ణి తెలివితక్కువ వాడనుకుంటాం. ఒక నవ్వుకి ఒక నర్సు తక్కువైతే ఆ నష్టం ఆ పిల్లది ఒక్కదానిదేనా? రేపు మంచంలో పడబోయే మనందరిదీను.

ఇప్పుడు మా అరుగుకి గిరాకీ తగ్గింది. రాసిన వాక్యాన్ని ఫోనే దిద్దిపెడుతోంది. "ఇంటరెస్టింగ్" అని తప్పు కొడితే కింద గీత గీసి చూపిస్తోంది. కొన్ని యంత్రాలైతే ఉత్తరం మొత్తం రాసి చేతికిస్తాయట. మంచిదే. మా ఆవిడకి కాఫీపొడి కలిసివచ్చింది. కాని దీనితో ఒక కొత్త చిక్కు వచ్చింది. అందరి వ్యాకరణమూ సరిపోయాక, అందరూ "డీప్లీ ఇంటరెస్టెడ్" అయిపోయాక, చదివేవాడు దేన్ని బట్టి మనిషిని పోల్చుకోవాలి? ఆ రాత్రి అలారం ఎందుకు పెట్టుకున్నదీ, "రెండు గంటలే ఎందుకు?" అని ఎవరు అడిగిందీ, ఏ యంత్రానికీ తెలిసే వీలు లేదు. అడిగినవాళ్లకే తెలుసు.

అందుచేత తల్లిదండ్రులకి నా మనవి ఒకటే. పిల్లలకి "ఐ యామ్ ఇంటరెస్టెడ్ ఇన్" అని శుద్ధంగా నేర్పండి. తప్పు లేకుండా చెప్పడం ఎదుటివారికి ఇచ్చే మర్యాద. నలగని చొక్కా తొడుక్కుని వెళ్లడం లాంటిది. కాని ఆ "ఇన్" తరవాత ఒక ఖాళీ వుంటుంది చూడండి, దాన్ని మీరు పూరించకండి. పక్కింటివారి అబ్బాయి పూరించింది చూసి అసలే పూరించకండి. పిల్లవాణ్ణి తెలుగులోనే అడగండి. "నీకు ఏమిటిష్టంరా? దాని కోసం ఇప్పటిదాకా ఏం చేశావు?" అని. వాడు ఆలోచించుకుని నోరు విప్పేదాకా కాస్త ఓపిక పట్టండి. జవాబు వచ్చిన తరవాత దాన్ని ఇంగ్లీషు చెయ్యడానికి ఒక సాయంకాలం చాలు.